ఏ సింహాన్ని పంపాలి?

(డాక్టర్ లాల్జీ సింగ్ స్మృతిలో చేసిన ఉపన్యాసం)



డాక్టర్ లాల్జీ సింగ్ గారి పేరు వినగానే మనలో చాలామందికి కోర్టు కేసులు గుర్తొస్తాయి. బిడ్డ తండ్రి ఎవరో తేలని కేసులు, శవం ఎవరిదో తెలియని కేసులు, వాటిని తేల్చిన డీఎన్ఏ వేలిముద్రల పరీక్ష. ఆ కీర్తికి ఆయన అన్నివిధాలా తగినవారే. అయితే ఆ పరీక్ష ఎక్కడ మొలకెత్తిందో కూడా చెప్పుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లోని జౌన్‌పూర్ జిల్లా కల్వారీ పల్లెలో పుట్టి, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదువుకున్న ఆ యువకుడు తొలిరోజుల్లో పరిశోధన చేసింది పాముల మీద. ఆడపాముకీ మగపాముకీ క్రోమోజోముల్లో తేడా ఎక్కడుందని వెతుకుతూ, పసుపు నలుపు పట్టీల కట్లపాము డీఎన్ఏలో పదేపదే తిరిగి వచ్చే ఒక వరసను పట్టుకున్నారు. తర్వాత హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి వచ్చాక, మనిషికీ మనిషికీ తేడా చెప్పే పరీక్షకు ఆ పాము వరసే ఆధారమైంది.

పాము దగ్గర బయలుదేరిన ఆయన మళ్ళీ అడవి ప్రాణుల దగ్గరికే వచ్చారు. 1998 నుంచి 2009 దాకా సీసీఎంబీకి డైరెక్టరుగా ఉన్నారు. అంతరించిపోతున్న జీవుల కోసం అత్తాపూర్‌లో ప్రయోగశాల వెలిసింది ఆయన పట్టుదల వల్లే. మనం లాకోన్స్ అని పిలుచుకునేది దాన్నే. అడవి జంతువును కాపాడాలంటే కంచె, తుపాకీ, జీపు ఉంటే చాలని అందరూ అనుకునే రోజుల్లో, దాని రక్తంలో ఏముందో కూడా తెలియాలని గట్టిగా చెప్పిన మనిషి ఆయన. 2017 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన పేరున మాట్లాడమని పిలిచినప్పుడు వేరే విషయం కోసం వెతుక్కోలేదు.

నేను చెప్పదలచుకున్నది ఒక్క మాట. సింహాలను ఒక అడవి నుంచి మరో అడవికి తరలించేటప్పుడు, ఎన్నింటిని పంపాలి అని అడిగే ముందు ఏవాటిని పంపాలి అని అడగాలి. పంపిన తర్వాత కూడా ఆ ప్రశ్నను వదిలిపెట్టకూడదు. ఇది ప్రయోగశాలలో కూర్చున్నవాళ్ళ ముచ్చట కాదు, సింహాల మనుగడ ప్రశ్న. అదెలాగో విడతలుగా చెబుతాను.

1

ముందు మన దేశం సంగతి. ఒకప్పుడు ఉత్తర భారతమంతా తిరిగిన సింహం 19వ శతాబ్దం ముగిసేసరికి సౌరాష్ట్రలోని గిర్ అడవి ఒక్కదానికే మిగిలింది. వేట, తుపాకులు, అడవుల నరికివేత, ఈ కథ మీకు తెలిసిందే. చివరికి ఇరవైకి అటూ ఇటూగా మిగిలాయని జునాగఢ్ నవాబుల కాలం నుంచి వస్తున్న మాట. వేటకొచ్చే దొరలను ఆపడానికి కావాలనే తక్కువ చేసి చెప్పారన్న వాదన కూడా ఉంది. ఏది నిజమైనా, మిగిలినవి కొద్దే. నవాబులు వేట మాన్పించబట్టే అవైనా దక్కాయి.

1968లో లెక్క పెడితే 177 తేలాయి. 2015 నాటికి 523. 2020లో 674. 2025 మేలో ప్రకటించిన లెక్క 891. ఇంత పెద్ద మాంసాహారి, ఇంత జనసమ్మర్దం ఉన్న నేల మీద ఇలా పెరగడం ప్రపంచంలో అరుదు. సౌరాష్ట్ర పల్లె రైతులు, మాల్ధారీ పశుపాలకులు, గుజరాత్ అటవీ సిబ్బంది, వీళ్ళందరి ఓపికకు మనం చేతులెత్తి మొక్కాలి. నేను ఇకపై చెప్పబోయే ఏ మాటా ఆ కష్టాన్ని తగ్గించి చూపడానికి కాదు.

కానీ 891 అంటే 891 రకాల వారసత్వం కాదు. ఆ కొద్ది పూర్వీకుల జన్యువులే ఇన్ని తలల్లోకి పంచుకుపోయాయి. సంఖ్య తగ్గినప్పుడు పోయిన వైవిధ్యం సంఖ్య పెరిగినంత మాత్రాన తిరిగి రాదు. కొత్త మార్పులు డీఎన్ఏలో పుట్టి, నిలదొక్కుకుని, వ్యాపించడానికి వేల తరాలు కావాలి. సింహానికి ఒక తరం ఐదారేళ్ళు అనుకున్నా, గిర్ సింహాలు కోలుకోవడం మొదలై గడిచింది ఇరవై తరాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే.

ఇంకో లెక్క కూడా చెప్పాలి. 2025 గణనలో పెద్ద మగసింహాలు 196. ఇవన్నీ తండ్రులవుతాయా? కావు. మగసింహాలు రెండో మూడో జట్టుగా తిరుగుతాయి. కొన్ని ఆడసింహాల నెలవును గెలుచుకుంటాయి, కొన్నేళ్ళు నిలుపుకుంటాయి, తర్వాత కొత్త జట్టు వచ్చి తరిమేస్తుంది. వచ్చినవి పాతవాటి కూనలను చంపేస్తాయి కూడా. గిర్‌లో భారత వన్యప్రాణి సంస్థ పరిశోధకులు ఏళ్ళ తరబడి ఈ జట్ల వెంట తిరిగి గమనించినదేమిటంటే, ఒక జట్టులోనే పెద్దరికం ఉన్న సింహానికి జతకట్టే అవకాశాల్లో 70 శాతానికి పైగా దక్కుతున్నాయి. తోడుగా పోరాడిన రెండోదానికి మిగిలింది కొంచెమే. అంటే తర్వాతి తరానికి జన్యువులు అందించేవి కనిపించే మగవాటిలో కొన్ని మాత్రమే. గణన కాగితంలో ఈ సంగతి కనపడదు.

2

వైవిధ్యం తగ్గితే ఏమవుతుంది? ఈ మాట తెలుగువాళ్ళకు చెప్పడం సులువు. మన ఇళ్ళలో మేనరికాలు తరతరాలుగా ఉన్నాయి. తాతగారిలో ఒక లోపం దాగి ఉందనుకోండి. ఒక్క కాపీయే ఉంది కాబట్టి ఆయనకేమీ కాలేదు, నిండు నూరేళ్ళూ బతికారు. ఆ కాపీ కొడుకు వైపు నుంచి మనవడికీ, కూతురు వైపు నుంచి మనవరాలికీ చేరి, ఆ బావామరదళ్ళు పెళ్ళి చేసుకుంటే, పుట్టే బిడ్డకు రెండు వైపుల నుంచీ అదే లోపం అందవచ్చు. మనకు సంబంధం బయట వెతుక్కునే వీలుంది. చుట్టూ సముద్రం, పొలాలు, రోడ్లు ఉన్న అడవిలో పుట్టిన సింహానికి ఆ వీలు లేదు.

సింహాల్లో దీన్ని కళ్ళకు కట్టినట్టు చూపించిన పరిశోధన 1987లో వచ్చింది. స్టీఫెన్ ఓబ్రయన్, డేవిడ్ విల్డ్ట్, క్రెయిగ్ ప్యాకర్ తదితరులు మూడు చోట్ల మగసింహాలను పరీక్షించారు. ఒకటి టాంజానియాలోని సెరెంగెటి, వేల సింహాలు స్వేచ్ఛగా తిరిగే మైదానం. రెండోది దాని పక్కనే ఉన్న న్గోరోంగోరో, చుట్టూ కొండగోడలున్న అగ్నిపర్వత బిలం. మూడోది మన గిర్. వీర్యకణాల్లో ఆకారం చెడినవి సెరెంగెటిలో దాదాపు నాలుగో వంతు ఉంటే, న్గోరోంగోరోలో సగం, గిర్ సింహాల్లో మూడింట రెండు వంతులు. మగ హార్మోను కూడా అదే వరసలో తగ్గుతూ వచ్చింది.

న్గోరోంగోరో సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే అక్కడ కారణం తేదీతో సహా తెలుసు. 1962లో అక్కడ రక్తం పీల్చే ఈగలు విపరీతంగా పెరిగాయి. సింహాల ఒళ్ళంతా పుళ్ళు పడి, వేటాడలేక, ఆకలితో చచ్చిపోయాయి. పదో పదకొండో మిగిలాయి. తర్వాత బయటి నుంచి ఏడు మగసింహాలు కొండగోడ దిగి లోపలికి వచ్చాయి. ఆ పైన చాలాకాలం కొత్తది ఒక్కటీ వచ్చి నిలవలేదు. బిలంలో ఆహారానికి లోటు లేదు, అడవిదున్నలు, జీబ్రాలు పుష్కలం. సింహాల సంఖ్య త్వరగానే వందకు చేరింది. పైనుంచి చూసే యాత్రికుడికి అది స్వర్గం. ప్యాకర్ బృందం కుటుంబ వృక్షాలు గీసి చూస్తే అవన్నీ ఆ పిడికెడు పూర్వీకుల సంతతే. తర్వాత తర్వాత సంతానోత్పత్తి తగ్గిన గుర్తులూ కనిపించాయి.

గిర్ విషయంలో మన హైదరాబాద్ నుంచి వచ్చిన జవాబును చెప్పకుండా ముందుకు పోలేను. ఓబ్రయన్ వాళ్ళు ప్రోటీన్లను పరీక్షించి, గిర్ సింహాల్లో తేడాలే కనపడటం లేదన్నారు. లాల్జీ సింగ్ గారి బృందం నేరుగా డీఎన్ఏలోకి చూసి, 1997లో తమ ఫలితాలు వెలువరించింది. తేడాలు బొత్తిగా లేకపోవడం కాదు, వెతికే పద్ధతి సున్నితంగా ఉంటే కొన్ని దొరుకుతున్నాయని చూపించింది. ఆ తర్వాత మొత్తం జన్యుపటాలే చదివే రోజులు వచ్చాయి. 2020లో పాత మ్యూజియం ఎముకలతో సహా చదివిన పెద్ద అధ్యయనం గిర్ సింహాల వైవిధ్యం ఆఫ్రికా సింహాల కంటే చాలా తక్కువని మళ్ళీ తేల్చింది. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం కాదు. ఉన్నది కొద్దే. కానీ ఉంది. ఉన్న ఆ కొద్దీ అడవి అంతటా ఒకేలా పరుచుకుని లేకపోవచ్చు. కాబట్టి ఏ సింహాలను ఎంచుతామన్నది ఇంకా ముఖ్యం. కోట్లున్నవాడు పదివేలు పారేసుకున్నా గడుస్తుంది, మనకు గడవదు.

3

ఇప్పుడు దక్షిణాఫ్రికా వెళ్దాం. తరలింపులో చేయదగిన తప్పు, దాన్ని దిద్దుకున్న తీరు, రెండూ ఒకే చోట కనిపించే అడవి అక్కడుంది. పేరు హ్లుహ్లువే-ఇమ్‌ఫొలోజి.

ఆ ప్రాంతంలో సింహాలు ఎప్పుడో అంతరించాయి. 1958లో ఒక మగసింహం ఎక్కడి నుంచో నడుచుకుంటూ వచ్చింది. ఏళ్ళ తరబడి ఒంటరిగా తిరిగింది. 1960ల్లో కొన్ని ఆడసింహాలను తెచ్చి వదిలారు. అంతే. అక్కడి సింహాల వంశం మొత్తం ఆ నాలుగైదింటి నుంచే. మూడు దశాబ్దాల్లో అవి వంద దాటాయి. సింహాలు తిరిగొచ్చాయని అందరూ సంతోషించారు. 1990లు వచ్చేసరికి కూనలు బతకడం తగ్గింది, జబ్బులకు తట్టుకోలేకపోవడం కనిపించింది, సంఖ్య దిగజారసాగింది. దానికి తోడు అక్కడి అడవిదున్నల ద్వారా పశువుల క్షయ కూడా వ్యాపించి ఉంది.

అప్పుడు అధికారులు చేసిన పని, బంధుత్వం లేని 16 సింహాలను కొన్నేళ్ళ వ్యవధిలో బయటి నుంచి తేవడం. ఫలితం మార్టినా ట్రింకెల్, ఆమె సహచరులు 2008లో ప్రచురించారు. కొత్త రక్తం కలిసిన కూనలు పాతవాటి కూనల కంటే బాగా బతికాయి.

విద్యార్థులు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఈ కొత్త సింహాలు ఎక్కడివి? పిలానెస్‌బర్గ్, మాడిక్వే అనే అభయారణ్యాలవి. వాటి పూర్వీకులు 1990ల్లో నమీబియాలోని ఎతోషా నుంచి వచ్చినవి. దగ్గర్లోనే క్రూగర్ లాంటి మహారణ్యం ఉండగా ఖండం అవతలి ఒడ్డు సింహాలు ఎందుకు? ఎందుకంటే క్రూగర్‌లో క్షయ ఉంది. ఎతోషా సింహాల్లో అది లేదు. పిల్లిజాతికి వచ్చే ఎయిడ్స్ లాంటి వైరస్ కూడా లేదు. జబ్బు లేని సింహం కోసం వెతికితే ఎతోషా తగిలింది. అలా దక్షిణాఫ్రికాలోని ఎన్నో కంచె అడవుల్లో నైరుతి ఆఫ్రికా జన్యువులు పాతుకున్నాయి. అంటే ఏ సింహం ఎటు వెళ్ళాలో నిర్ణయించింది ఎవరూ వంశం చూసి కాదు, రక్తపరీక్షలో జబ్బు లేదన్న చీటీ చూసి. నేను వాళ్ళను తప్పుపట్టను. ఆ రోజున చేతిలో ఉన్న సమాచారంతో అది సరైన పనే. కానీ ఈ రోజు మన చేతిలో రెండు చీటీలూ ఉండగలవు.

4

ఇక ఎదురు తప్పు. వైవిధ్యం కావాలి కదా అని ఎక్కడి సింహాన్నైనా ఎక్కడికైనా పంపవచ్చా?

2017లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘానికి చెందిన పిల్లిజాతుల నిపుణులు సింహాల వర్గీకరణను సవరించారు. పాతకాలంలో ఆసియా సింహం, ఆఫ్రికా సింహం అని రెండుగా చెప్పేవాళ్ళం. ఇప్పుడు ఉత్తరపు శాఖ, దక్షిణపు శాఖ అంటున్నాం. మన గిర్ సింహం, పశ్చిమ, మధ్య ఆఫ్రికా సింహాలు, అంతరించిపోయిన ఉత్తరాఫ్రికా సింహం ఒక శాఖ. తూర్పు, దక్షిణ ఆఫ్రికా సింహాలు మరో శాఖ. ఒక్కో శాఖలో మళ్ళీ ప్రాంతాలవారీగా పాయలున్నాయి. లారా బెర్టోలా అనే పరిశోధకురాలు ఏళ్ళ తరబడి ఈ పాయల పటం గీశారు. తరలింపులు చేసేవాళ్ళు జన్యుపరంగా ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో ఆమె, సహచరులు మార్గదర్శకాలు కూడా రాశారు. వాటి సారం నాకు అర్థమైనంతలో ఇది: వీలున్నంతవరకు అదే పాయ నుంచి, దగ్గరి చోటు నుంచి తీసుకో, వీలు లేకపోతే ఎందుకు లేదో రాసి పెట్టు, తెచ్చిన ప్రతి సింహం నమూనా దాచు.

పశ్చిమ ఆఫ్రికాను చూడండి. 2014లో ఫిలిప్ హెన్షెల్ బృందం ప్రచురించిన సర్వే ప్రకారం అక్కడ మిగిలినవి నాలుగు వందల పైచిలుకు, అవీ నాలుగు చోట్ల మాత్రమే. రేపు ఎవరైనా దానశీలి విమానం నిండా దక్షిణాఫ్రికా సింహాలు తెచ్చి సెనెగల్‌లో దింపితే పత్రికల్లో ఫొటోలు బాగానే వస్తాయి. వేల ఏళ్ళుగా విడిగా నడిచిన ఒక పాయ రెండు మూడు తరాల్లో కొట్టుకుపోతుంది.

ఇది ఊహ కాదు, జూలలో జరిగిపోయింది. 1980ల తొలినాళ్ళలో అమెరికా జూలు ఆసియా సింహాల సంతతిని పెంచే కార్యక్రమం పెట్టుకున్నాయి. రెండు వందలకు పైగా సింహాలయ్యాయి. 1987లో పరీక్షిస్తే, మొదట పెట్టుకున్న ఐదు మూల సింహాల్లో రెండు ఆఫ్రికా రక్తం ఉన్నవని తేలింది. కార్యక్రమం కూలిపోయింది. మొదటి రోజునే ఐదు సీసాల రక్తం పరీక్షించే వీలుండి ఉంటే అన్నేళ్ళ శ్రమ మిగిలేది.

మన ఇంటి సంగతి కూడా అంతే. సర్కసుల్లో జంతువుల ఆట నిషేధించాక అక్కడి సింహాలను ఉంచడానికి కొన్ని రక్షణ కేంద్రాలు ఏర్పడ్డాయి. వాటిలో రెండు మన దగ్గరే, ఒకటి విశాఖపట్నం జూలో, ఒకటి తిరుపతి శ్రీవేంకటేశ్వర జూలో. తిరుపతి వెళ్ళినవాళ్ళలో కొందరైనా చూసి ఉంటారు. రాటుదేలిన మోకాళ్ళతో, పొగాకు రంగు తిరిగిన పళ్ళతో, బోనులో తిరిగిన అలవాటు కొద్దీ విశాలమైన ఆవరణలో కూడా అవే నాలుగు అడుగులు అటూ ఇటూ వేసే ముసలి సింహాలు. వాటిలో చాలావాటికి ఆసియా, ఆఫ్రికా రక్తాలు కలిసి ఉన్నాయి. ఏ సర్కసువాళ్ళు ఏ ఓడరేవులో ఏ సింహాన్ని కొన్నారో ఎవరి దగ్గరా కాగితం లేదు. అందుకే వాటిని చివరిదాకా ప్రేమగా సాకారు, పిల్లలు పుట్టనివ్వలేదు. అది సరైన నిర్ణయం. అడవికి పంపే వంశంలోకి వాటిని రానివ్వకపోవడం ఆ జంతువుల మీద చులకన కాదు.

మరి గిర్ సింహాలకు ఆఫ్రికా రక్తం కలపాలా అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. అమెరికాలోని ఫ్లోరిడా ప్యూమాల ఉదాహరణ చూపిస్తారు. 1995లో అవి ఇరవై ముప్పైకి దిగిపోయాయి. తోకలు మెలిపడ్డాయి, గుండెకు రంధ్రాలు, మగవాటిలో వృషణాలు దిగని లోపం. టెక్సాస్ నుంచి ఎనిమిది ఆడ ప్యూమాలను తెచ్చి వదిలితే ఐదు పిల్లలను కన్నాయి, జాతి నిలబడింది. అవును, అది గొప్ప ఉదాహరణే. కానీ అక్కడ జాతి కళ్ళముందే కూలిపోతోంది. గిర్‌లో కూనలు పుడుతున్నాయి, బతుకుతున్నాయి, 2025 లెక్కలో 225 కూనలున్నాయి. కూలిపోతున్న గుర్తులు కనపడనంతకాలం బయటి రక్తం వద్దు. రేపు కనపడితే మాత్రం వంశ గౌరవం పేరుతో వెనకాడకూడదు. కనపడుతున్నాయో లేదో తెలియాలంటే ఏటా చూస్తూ ఉండాలి.

5

చూడటం అంటే ఏమిటో కొంచెం దగ్గరగా చెబుతాను, ఈ పని ఎంత సాధ్యమో తెలియాలి కాబట్టి.

మత్తు సూది దిగిన సింహం పది పదిహేను నిమిషాల్లో ఒరిగిపోతుంది. దగ్గరికి వెళ్ళగానే చేసే మొదటి పని కళ్ళకు గుడ్డ కట్టడం, రెప్ప వేయలేదు కాబట్టి కళ్ళలో మందు వేయడం. నాలుక పక్కకు లాగి ఊపిరి సరిగా ఆడుతోందో చూస్తారు. ఒకరు ఉష్ణోగ్రత, గుండె లెక్కపెడుతుంటారు. వెనక కాలి లోపలి వైపు వెంట్రుకలు కాస్త తీసి, తడి దూదితో తుడిస్తే రక్తనాళం తేలుతుంది. అక్కడి నుంచి ఊదా మూత ఉన్న చిన్న గొట్టంలోకి నాలుగైదు మిల్లీలీటర్ల రక్తం. చెవి అంచు నుంచి బియ్యపు గింజంత తోలు ముక్క, ఆల్కహాల్ నింపిన సీసాలోకి. మీసాల చుక్కల వరసకు రెండు వైపులా ఫొటో, ఆ వరస ఏ రెండు సింహాలకూ ఒకటి కాదు. రేడియో కాలర్ వేయడానికో, గాయానికి కట్టు కట్టడానికో, బావిలోంచి తీయడానికో గిర్‌లో సింహాలను ఎలాగూ పట్టుకుంటూనే ఉంటారు. అప్పుడు ఈ పనికి పట్టేది ఐదు నిమిషాలు అదనం. మత్తు కూడా అక్కర్లేని చోట దారిలో పడిన మలం నుంచి, ముళ్ళకు చిక్కిన వెంట్రుక నుంచి డీఎన్ఏ తీయడం ఇప్పుడు మామూలే.

2021లో కోవిడ్ రెండో విడతలో హైదరాబాద్ నెహ్రూ జూలో ఎనిమిది సింహాలకు ఆ వైరస్ సోకింది గుర్తుందా? ముక్కు, గొంతు నమూనాలు పరీక్షించింది ఇక్కడి లాకోన్స్‌లోనే. జూ నుంచి ప్రయోగశాలకు దూరం కొద్ది కిలోమీటర్లు. పనిముట్లు, చేయి తిరిగిన మనుషులు ఉన్న దేశం ఇది.

6

ఒక తరలింపుతో పని అయిపోదు. దీనికి రెండు చోట్ల సంగతులు చాలు.

జాంబియాలో లియువా మైదానం ఉంది. అక్కడ వేటగాళ్ళ చేతిలో అన్నీ పోయి ఒకే ఒక్క ఆడసింహం మిగిలింది. చుట్టుపక్కల జనం దాన్ని లేడీ లియువా అని పిలిచేవారు. తోడు లేక, మనుషుల గుడారాల దగ్గరికి వచ్చి పడుకునేది. 2009లో కఫ్యూ అడవి నుంచి రెండు మగసింహాలను తెచ్చారు. కలిసి తిరిగాయి, కానీ లేడీకి కూనలు పుట్టలేదు. 2011లో కఫ్యూ నుంచే రెండు ఆడవి వచ్చాయి. వాటిలో ఒకటి ఉచ్చులో పడి చచ్చిపోయింది. మిగిలినదానికి 2013లో కూనలు పుట్టాయి. లేడీ 2017లో కన్నుమూసింది. ఈ రోజు లియువాలో సింహాలు గర్జిస్తున్నాయి, అది సంతోషం. అయితే ఆ మైదానంలో పుట్టి పెరిగిన పాత వంశం లేడీతోనే ముగిసింది. పదేళ్ళు ముందు కదిలి ఉంటే అది దక్కేది. ఇంకొకటి, ఒక్క ఉచ్చు మూల సింహాల్లో నాలుగో వంతును తీసుకుపోయింది. నాలుగుతో మొదలుపెడితే అంతే.

రువాండాలోని అకగెరాలో 1994 మారణకాండ తర్వాత సింహాలు తుడిచిపెట్టుకుపోయాయి. 2015లో దక్షిణాఫ్రికా నుంచి ఏడింటిని తెచ్చారు, ఐదు ఆడవి, రెండు మగవి. అక్కడితో ఆగలేదు. 2017లో మరో రెండు మగవాటిని, ఈసారి ప్రత్యేకంగా కొత్త రక్తం కోసమే తెచ్చారు. నాకు నచ్చింది ఈ రెండో ప్రయాణం. మొదటిదానికి కెమెరాలు వస్తాయి, జెండాలు ఊపుతారు. రెండోదానికి ఎవరూ రారు. కానీ వంశాన్ని నిలబెట్టేది రెండోది, మూడోది, ఆ తర్వాతవి.

7

చివరగా, గిర్ సింహాలకు రెండో ఇల్లు.

1957లో ఒకసారి ప్రయత్నించారు. లాల్జీ సింగ్ గారు చదువుకున్న కాశీకి దగ్గర్లోని చంద్రప్రభ అడవికి ఒక మగ, రెండు ఆడ సింహాలను పంపారు. పదకొండు దాకా పెరిగాయి. 1965 తర్వాత ఒక్కటీ కనపడలేదు. విషమో, తుపాకో, సరిగా గమనించినవాళ్ళు లేరు. అవి బతికి ఉన్నా, ఒక్క తండ్రి పిల్లలన్నీ తోబుట్టువులే కాబట్టి, మూడో తరానికి ఏ చిక్కులో పడేవో ఇందాకటి నుంచి విన్న మీరే చెప్పగలరు.

1990ల్లో మధ్యప్రదేశ్‌లోని కునోను ఎంచారు. 24 పల్లెలు ఖాళీ చేయించారు. వేలమంది తాతల నాటి ఊళ్ళు వదిలి, సింహాల కోసమని లేచి వెళ్ళారు. 2013 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు ఆరు నెలల్లో సింహాలను పంపమంది. ఒక్కటీ వెళ్ళలేదు. 2022లో అక్కడికి ఆఫ్రికా చీతాలు వచ్చాయి. ఈ మధ్య గుజరాత్‌లోనే పోర్‌బందర్ దగ్గరి బర్డా కొండల్లోకి సింహాలు చేరాయి, 2025 లెక్కలో అక్కడ 17 ఉన్నాయి. సంతోషమే. కానీ బర్డా గిర్ నుంచి వంద కిలోమీటర్ల లోపే. 2018లో గిర్ తూర్పు వైపు దల్ఖానియా ప్రాంతంలో కొద్ది వారాల్లో 23 సింహాలు చచ్చిపోయాయి, కుక్కల నుంచి సోకే డిస్టెంపర్ వైరస్ బయటపడింది. అదే వైరస్ 1994లో సెరెంగెటిలో దాదాపు వెయ్యి సింహాలను, మూడింట ఒక వంతును తీసుకుపోయింది. సెరెంగెటి కోలుకుంది, ఎందుకంటే అక్కడ వేలున్నాయి, వాటిలో వైవిధ్యం ఉంది. వైరస్‌కు వంద కిలోమీటర్లు, మధ్యలో వందల ఊళ్ళు, వేల ఊరకుక్కలు ఉన్నప్పుడు, పెద్ద దూరం కాదు. కాబట్టి దూరాన రెండో ఇల్లు కావాలి. దీని మీద నాకు ఏ సందేహమూ లేదు.

అయితే ఆ రోజు వచ్చినప్పుడు ఏం జరుగుతుందోనని నా భయం. పట్టుకోవడానికి సులువైనది ఒక చోట కలిసి పడుకునే గుంపు. ఆ గుంపులో ఆడవన్నీ తల్లి, కూతుళ్ళు, అక్కచెల్లెళ్ళు. ఒక్క రాత్రిలో మత్తు ఇచ్చి లారీ ఎక్కించవచ్చు. వాటికి తోడుగా అన్నదమ్ముల జట్టు ఒకటి. లేదంటే పశువులను ఎక్కువ చంపుతున్నాయని ఫిర్యాదులు వచ్చిన సింహాలను, ఎలాగూ రక్షణ కేంద్రంలో ఉన్నవాటిని సర్దేస్తారు. పది తలలు అయ్యాయి, ఆదేశం అమలైంది. వంశాల లెక్కలో మాత్రం వెళ్ళింది రెండు కుటుంబాలు. పిడికెడు నుంచి పెరిగిన జాతిలో మళ్ళీ చిటికెడు తీసినట్టు.

దీనికి బదులు చేయవలసింది కష్టమైనదే కానీ తెలియనిది కాదు. గిర్ నడిబొడ్డు నుంచి కొన్ని, గిర్నార్ కొండ నుంచి కొన్ని, మితియాళా నుంచి, అమ్రేలీ, భావ్‌నగర్ తీరం వైపు స్థిరపడినవాటి నుంచి కొన్ని. ముందుగా అన్ని చోట్లా నమూనాలు తీసి, ఏది దేనికి ఏమవుతుందో పటం గీసి, ఎక్కువ దూరపు చుట్టరికం ఉన్న వయసు ఆడసింహాలను ఎంచాలి. అరుదైన జన్యువు ఒక్క సింహంలోనే కనిపిస్తే దాన్ని గిర్ నుంచి కదల్చకూడదు, దాని కూతురిని పంపాలి. పరిచయం లేని ఆడవాటిని కలిపి వదిలితే చెదిరిపోతాయని అంటారు. దక్షిణాఫ్రికాలో ఫిండా అభయారణ్యం వాళ్ళు 1992 నుంచే దీనికి ఉపాయం చూపించారు. బలమైన కంచె ఆవరణలో వారాల తరబడి పక్కపక్కన ఉంచి, ఒకే కళేబరం దగ్గర తినడం అలవాటు చేసి, ఒకదానినొకటి నాకడం మొదలుపెట్టాక తలుపు తీశారు. అవి గుంపుగానే నిలిచాయి.

ఇక ఒప్పందం. ఇప్పటిదాకా రెండు రాష్ట్రాల మధ్య మాటంతా ఇవ్వాలా వద్దా అన్న దగ్గరే నడిచింది. ఇచ్చాక ఐదేళ్ళకు ఏమిటి, పదేళ్ళకు ఏమిటి అని ఎవరూ అడగలేదు. ప్రతి తరానికి ఒకటో రెండో సంతానం కనే సింహాలు అటూ ఇటూ మారకపోతే రెండు అడవులూ విడివిడిగా తమ వైవిధ్యాన్ని పోగొట్టుకుంటాయి. అంచేత మొదటి ఒప్పందంలోనే తిరుగు ప్రయాణం కూడా రాసి ఉండాలి. కొత్త అడవిలో పుట్టిన ఏ గుంపు మగకూన, ఎన్నేళ్ళ వయసులో, ఎన్ని వారాలు విడిగా ఉంచి ఏయే వైరస్‌లకు పరీక్షించాక, గిర్‌లో ఏ వైపున దింపాలో, దాని ఖర్చు ఏ రాష్ట్రం భరించాలో అందులో ఉండాలి. అటువైపు వెళ్ళేవాటి నమూనాల రెండో జత సౌరాష్ట్రకు దూరంగా, మరో నగరంలోని గడ్డకట్టే పెట్టెలో భద్రంగా ఉండాలి. ఈ కాగితం లారీ కంటే ముందు సిద్ధం కావాలి, సంతకాలు కూడా ముందే పడాలి.